ఇన్సులిన్ ప్రదాత - ఫ్రెడరిక్ బాంటింగ్

మానవ దేహం ఒక మహారాజ్యం వంటిది. కోట్లాది జీవకణాలు అందులోని ప్రజలు. వాటి మధ్య సమన్వయం కుదర్చడానికి ప్రకృతి రెండు వ్యవస్థలను ఏర్పరచింది. ఒకటి నాడీ వ్యవస్థ, రెండవది వినాళ గ్రంథుల వ్యవస్థ. పీయూష గ్రంథి, అవటు గ్రంథి, అధివృక్క గ్రంథులు మొదలైనవి నాళాలతో పనిలేకుండా తమ స్రావాలను నేరుగా రక్తంలోకి పంపుతాయి. ఆంగ్ల శాస్త్రవేత్త స్టార్లింగ్ 1905లో వీటిని హార్మోన్లు అని వ్యవహరించాడు. ఇవి అత్యల్ప పరిమాణంలో ఉండి, పెరుగుదలను, జీవక్రియలను, భావోద్వేగాలను సైతం శాసిస్తాయి. ఒక్క హార్మోను లోపించినా దేహరాజ్యం అతలాకుతలమవుతుంది. అటువంటి ఒక లోపానికి విరుగుడును సాధించి, లక్షలాది ప్రాణాలను నిలిపిన మహనీయుడు ఫ్రెడరిక్ బాంటింగ్.

బాంటింగ్ 1891 నవంబరు 14న కెనడా దేశంలోని ఒంటారియో రాష్ట్రంలో, అలిస్టన్ పట్టణ సమీపంలోని ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. బాల్యంలో ఆయన అసాధారణ మేధావిగా పేరు పొందినవాడు కాదు. టొరంటో విశ్వవిద్యాలయంలో మొదట సాహిత్యాది విషయాల అధ్యయనానికి చేరి, తొలి సంవత్సరంలోనే ఉత్తీర్ణుడు కాలేకపోయాడు. అయినా నిరుత్సాహపడక 1912లో వైద్యవిద్యలో ప్రవేశించి, 1916లో పట్టా పొందాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యునిగా ఫ్రాన్సుకు వెళ్ళాడు. 1918లో కాంబ్రే యుద్ధరంగంలో కుడిచేతికి తీవ్రమైన గాయమైనప్పటికీ, తోటి క్షతగాత్రులకు చికిత్స చేయడం మానలేదు. ఆ ధైర్యానికి గుర్తింపుగా ప్రభుత్వం ఆయనను మిలిటరీ క్రాస్ పతకంతో సత్కరించింది.

యుద్ధానంతరం 1920లో ఒంటారియోలోని లండన్ నగరంలో శస్త్రవైద్యునిగా వృత్తి ప్రారంభించాడు. రోగులు రాలేదు. మొదటి నెల ఆదాయం కేవలం 4 డాలర్లు. జీవనోపాధి కోసం అక్కడి వైద్య కళాశాలలో బోధనకు ఒప్పుకొన్నాడు. ఆ బోధనే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

మధుమేహం అతి ప్రాచీనమైన వ్యాధి. సుశ్రుతాది భారతీయ వైద్యులకు దాని లక్షణాలు సుపరిచితాలు. అయితే దాని మూలం చిరకాలం అంతుపట్టలేదు. 1869లో జర్మన్ విద్యార్థి లాంగర్‌హాన్స్ క్లోమంలో ద్వీపాల వలె విడివిడిగా ఉన్న కణసమూహాలను గుర్తించాడు. 1889లో మింకోవ్‌స్కీ, మెరింగ్ అనే శాస్త్రవేత్తలు క్లోమాన్ని తొలగించిన కుక్కకు మధుమేహం వస్తుందని నిరూపించారు. క్లోమం ఒకవైపు నాళం ద్వారా జీర్ణరసాన్ని పేగులోకి పంపుతూ, మరొకవైపు ఆ కణసమూహాల నుండి హార్మోన్లను రక్తంలోకి విడుదల చేస్తుంది. వాటిలో ఇన్సులిన్ రక్తంలోని చక్కెరను కణాలలోకి చేర్చి, మిగిలినదానిని కాలేయంలో నిల్వ చేయిస్తుంది. చక్కెర తగ్గినప్పుడు గ్లూకగాన్ ఆ నిల్వను తిరిగి వెలికితీయిస్తుంది. ఈ రెండింటి సమతుల్యతపైనే ఆరోగ్యం ఆధారపడి ఉంటుంది. ఇన్సులిన్ పూర్తిగా లోపిస్తే రక్తంలో చక్కెర పుష్కలంగా ఉన్నా కణాలు ఆకలితో అలమటిస్తాయి. శరీరం తన కొవ్వును తానే కరిగించుకొంటుంది. అప్పుడు పుట్టే ఆమ్లాలు రక్తంలో పేరుకొని, రోగి స్పృహ కోల్పోయి మరణిస్తాడు. ఆ రోజుల్లో వ్యాధిగ్రస్తులైన పిల్లలకు ఆహారాన్ని కఠినంగా తగ్గించడం తప్ప వేరొక చికిత్స లేదు. అది మృత్యువును కొన్నాళ్ళు వాయిదా వేసేది, అంతే.

1920 అక్టోబరు 30 రాత్రి, బాంటింగ్ పాఠం సిద్ధం చేసుకొంటూ క్లోమాన్ని గురించిన ఒక వ్యాసాన్ని చదివాడు. క్లోమనాళాన్ని బిగించి కడితే జీర్ణరసాన్ని తయారుచేసే కణాలు క్షీణిస్తాయి, హార్మోన్ కణాలు మిగులుతాయి, అప్పుడు హార్మోన్‌ను వేరు చేయవచ్చు అనే ఆలోచన ఆయనకు తోచింది. టొరంటో విశ్వవిద్యాలయ ఆచార్యుడు మెక్లియాడ్‌ను ఆశ్రయించాడు. ఆయన మొదట సందేహించినా ప్రయోగశాలలో స్థలాన్ని, కొన్ని కుక్కలను, చార్లెస్ బెస్ట్ అనే యువ సహాయకుని సమకూర్చాడు. 1921 మే నెలలో పరిశోధన ఆరంభమైంది. వేసవి ఎండలో, వరుస వైఫల్యాల నడుమ సాగిన ఆ కృషి ఫలించింది. క్లోమరసం ఎక్కించిన కుక్కల రక్తంలో చక్కెర తగ్గింది. నాళాన్ని కట్టవలసిన అవసరమే లేదని, పశువుల క్లోమం నుండి నేరుగా రసాన్ని తీయవచ్చని తరువాత తేలింది.

1922 జనవరి 11న టొరంటో ఆసుపత్రిలో మృత్యుముఖంలో ఉన్న 14 ఏళ్ళ లియొనార్డ్ థాంప్సన్‌కు ఆ రసాన్ని ఇచ్చారు. మలినాలు ఉండడంవల్ల అది ఆశించిన ఫలితం ఇవ్వలేదు. జీవరసాయన శాస్త్రవేత్త కోలిప్ అహోరాత్రులు శ్రమించి రసాన్ని శుద్ధి చేశాడు. జనవరి 23న మళ్ళీ ఇచ్చినప్పుడు బాలుని రక్తంలో చక్కెర అదుపులోకి వచ్చింది. క్రమంగా బలం చేకూరింది. ఆ బాలుడు మరి 13 సంవత్సరాలు జీవించాడు. లాటిన్ భాషలో ద్వీపం అనే అర్థమిచ్చే పదం నుండి ఆ హార్మోన్‌కు ఇన్సులిన్ అనే పేరు స్థిరపడింది.

ఈ ఆవిష్కరణను అమ్ముకొని ఉంటే బాంటింగ్ అపర కుబేరుడయ్యేవాడు. కాని ప్రాణదాయకమైన ఔషధం ఒకరి సొత్తు కారాదని భావించాడు. 1923లో బాంటింగ్, బెస్ట్, కోలిప్ తమ హక్కులను ఒక్కొక్క డాలరుకే విశ్వవిద్యాలయానికి ధారాదత్తం చేశారు. అదే సంవత్సరం నోబెల్ బహుమతి బాంటింగ్‌కు, మెక్లియాడ్‌కు లభించింది. బెస్ట్‌ను విస్మరించారని బాంటింగ్ ఆగ్రహించి, బహుమతిని తిరస్కరించాలని కూడా తలపోశాడు. చివరకు స్వీకరించి తన ధనంలో సగం బెస్ట్‌కు పంచాడు. మెక్లియాడ్ తన భాగంలో సగం కోలిప్‌కు ఇచ్చాడు. ఆ నలుగురి మధ్య మనస్పర్థలు లేకపోలేదు. అయినా ఏ ఒక్కరు లేకున్నా ఆ విజయం అంత త్వరగా సిద్ధించేది కాదు.

1934లో బాంటింగ్ సర్ బిరుదు పొందాడు. తీరిక వేళల్లో చిత్రలేఖనంతో సేదదీరేవాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమాన చోదకుల ఆరోగ్య సమస్యలపై పరిశోధనలను ప్రోత్సహించాడు. ఆ కార్యార్థమై ఇంగ్లండుకు బయలుదేరిన విమానం న్యూఫౌండ్లాండ్‌లో కూలిపోగా, 1941 ఫిబ్రవరి 21న తన 49వ ఏట కన్నుమూశాడు.

ఇన్సులిన్ మధుమేహాన్ని నిర్మూలించదు, అదుపు చేస్తుంది. అయినా అది లేనినాడు మరణశిక్షగా ఉన్న వ్యాధి, నేడు నియమపాలనతో దీర్ఘకాలం జీవించగలిగే స్థితికి వచ్చింది. 1982 నుండి సూక్ష్మజీవుల సాయంతో తయారైన మానవ ఇన్సులిన్ వాడుకలోకి రావడంతో పశువుల క్లోమంపై ఆధారపడవలసిన అవసరమూ తగ్గింది. మన దేశం బాలల దినోత్సవం జరుపుకొనే నవంబరు 14నే, బాంటింగ్ జన్మదినం కావడంచేత, ప్రపంచ మధుమేహ దినోత్సవంగా పాటిస్తున్నారు. పరీక్షలో తప్పిన విద్యార్థి, రోగులు రాని వైద్యుడు, ఒక రాత్రి తోచిన ఆలోచనను విడువక పట్టుకొని, దాని ఫలాన్ని లోకానికి సమర్పించాడు. ఆయన జీవితం నేటి యువతరానికి ఆదర్శప్రాయం.