ఫ్రాయిడ్, మార్తా: నాలుగేళ్ల ఉత్తరాలు

స్వప్నాలకు అర్థం వెదకిన శాస్త్రజ్ఞుడుగా, మనోవిశ్లేషణకు మూలపురుషుడుగా సిగ్మండ్ ఫ్రాయిడ్‌ను ఎరుగని విద్యావంతులు అరుదు. నెరసిన గడ్డం, చేతిలో చుట్ట, లోనికి చొచ్చుకుపోయే చూపు గల ఆయన ఛాయాచిత్రం మనందరికీ పరిచితమే. కాని ఆ గడ్డం నెరవక పూర్వం, చేత చిల్లిగవ్వ లేని రోజులలో, ఆయన తొమ్మిదివందలకు పైగా ప్రేమలేఖలు వ్రాశాడన్న సంగతి చాలమందికి తెలియదు. అవన్నీ ఒక్క వ్యక్తికే వ్రాసినవి.

ఫ్రాయిడ్ 1856 మే 6వ తేదీన మొరేవియాలోని ఫ్రైబర్గ్ అనే చిన్న పట్టణంలో ఒక యూదు ఉన్నివర్తకుని ఇంట జన్మించాడు. పసితనంలోనే కుటుంబంతోపాటు వియన్నా చేరాడు. వైద్యపట్టం పొందిన తరువాత కూడ బ్రూకే అనే ఆచార్యుని పరిశోధనశాలను విడువలేక, సూక్ష్మదర్శిని ముందే కాలం గడుపుతూ ఉండేవాడు. 1882 ఏప్రిల్‌లో ఒకనాటి సాయంకాలం ఇంటికి రాగా, తన చెల్లెళ్లతో ముచ్చటిస్తూ బల్ల వద్ద ఆపిలుపండు తొక్క తీస్తున్న యువతి ఒకతె కనబడింది. రోజూ తిన్నగా తన గదికి పోయి పుస్తకాలలో మునిగేవాడు ఆనాడు అక్కడే కూర్చుండిపోయాడు. ఆమె పేరు మార్తా బెర్నేస్. ఆ తరువాత దినానికొక ఎర్రగులాబి, దానితో ఒక చీటీ, ఆ చీటీమీద లాటిన్‌లోనో స్పానిష్‌లోనో మరొక భాషలోనో ఒక సూక్తి ఆమెకు అందసాగాయి. జూన్ 17న వారిద్దరు రహస్యంగా వివాహనిశ్చయం చేసుకున్నారు.

రహస్యమెందుకంటే, మార్తా తాత ఐజాక్ బెర్నేస్ హాంబర్గు నగరంలోని యూదులకు ప్రధాన మతగురువు. తండ్రి 1879లో గతించగా, ఇంటి పెత్తనం తల్లి ఎమ్మెలీన్‌ది. ఆమె ఆచారనిష్ఠ గల ఇల్లాలు. ఫ్రాయిడ్‌కు ధనం లేదు. దైవవిశ్వాసం అంతకన్నా లేదు. ఆ సంవత్సరం డిసెంబరు చివరకు గాని తల్లికి విషయం చెప్పే ధైర్యం వారికి చిక్కలేదు. 1883 జూన్‌లో ఆమె కూతుళ్లను వెంటబెట్టుకొని హాంబర్గు సమీపాన గల వాండ్స్‌బెక్‌కు కాపురం మార్చింది. నాలుగేళ్ల మూడు నెలల నిరీక్షణలో సుమారు మూడేళ్లు వారు ఒకరికొకరు దూరంగానే ఉన్నారు.

పరిశోధన కూడు పెట్టదని బ్రూకే హితవు చెప్పగా, ఫ్రాయిడ్ మనసు చంపుకొని 1882 జూలైలో వియన్నా పెద్ద ఆసుపత్రిలో చేరాడు. రాత్రివేళ అక్కడి గదిలో కూర్చొని ఉత్తరం వ్రాసేవాడు. నాలుగు పుటలుంటే అది చిన్న ఉత్తరం క్రింద లెక్క. ఒకటి ఇరవైరెండు పుటలకు సాగింది. రోగుల సంగతి, అప్పుల సంగతి, మిత్రుడు బ్రాయర్ చికిత్స చేసిన ఒక యువతి వింత వ్యాధి సంగతి అన్నీ అందులో ఉంటాయి. ఆ వ్యాధి కథయే తరువాత మనోవిశ్లేషణకు బీజమైంది. అప్పటికి అది ప్రియురాలికి వ్రాసుకొనే కబురు మాత్రమే.

అయితే ఆ లేఖలలో తీపి ఒక్కటే ఉన్నదనుకోరాదు. మార్తా తన బంధువొకనిని చనువుగా పేరు పెట్టి పిలిచిందని అలక. మంచుమీద జారే ఆటకు పోతే పరపురుషుని చేయి పట్టుకోవలసి వస్తుందేమోనని నిషేధం. ఆమె యిచ్చిన ఉంగరం, గొంతుకు శస్త్రచికిత్స జరుగుతుండగా బాధకు చేయి విసరికొట్టినందున పగిలింది. అంతటి హేతువాదీ, సరిగా ఆ గంటలో ఆమె ప్రేమ తగ్గిందేమోనని విచారిస్తూ ఉత్తరం వ్రాశాడు! శంకలను శోధించబోయేవాడు ముందుగా తన శంకలలో తానే చిక్కుకున్నాడు.

అన్నిటికన్న పెద్ద తగవు మతాచారం గురించి. యూదులకు శనివారం విశ్రాంతిదినం. నిష్ఠగల యింట ఆనాడు కలం పట్టరాదు. తల్లి కంట పడకుండ మార్తా తోటలోకి పోయి పెన్సిలుతో ఉత్తరం వ్రాసేది. ఫ్రాయిడ్‌కు అది త్యాగంగా తోచలేదు, పిరికితనంగా తోచింది. తల్లినో తననో ఎంచుకోవలసిందే అన్నంతవరకు పోయాడు. మార్తా మెత్తనిదే గాని, తల్లిని విడనాడలేదు. ఈ తగవులో ఆమె పక్షానే న్యాయమున్నదని నాకు తోస్తుంది.

ఇదే కాలంలో ఆమె చెల్లెలు మిన్నాకు ఇగ్నాజ్ షోన్‌బెర్గ్ అనే సంస్కృత పండితునితో వివాహం నిశ్చయమైంది. అతడు ఆక్స్‌ఫర్డు వెళ్లి మోనియర్ విలియమ్స్ నిఘంటువుకు పనిచేశాడు. మన సంస్కృతోపాధ్యాయులు నేటికీ తిరగవేసే ఆ నిఘంటువు వెనుక ఈ అభాగ్యుని శ్రమ కూడ కొంత ఉన్నది. 1886లో అతడు క్షయతో మరణించాడు. మిన్నా జీవితాంతం అవివాహితగానే ఉండిపోయింది.

పెళ్లికి కావలసిన ధనం కీర్తి వెంట వస్తుందని ఫ్రాయిడ్ ఆశ. 1884లో కొకెయిన్ గుణాలను పరిశోధించి, మార్తాను చూడవలెనన్న తొందరలో వ్యాసం ముగించి వాండ్స్‌బెక్‌కు వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి, ఆ మందు కంటికి స్పర్శజ్ఞానం పోగొడుతుందని కనిపెట్టి మిత్రుడు కోలర్ ప్రఖ్యాతుడైనాడు. నాడు తనకు కీర్తి దక్కకపోవడానికి మార్తాయే కారణమని ఫ్రాయిడ్ వృద్ధాప్యంలో సరసంగా వ్రాసుకున్నాడు. 1885 ఏప్రిల్‌లో, భావి చరిత్రకారులను తికమక పెట్టడానికి, తన పాత కాగితాలన్నీ నాశనం చేశాడు. ఆమెకు ఆ కబురు కూడ ఉత్తరంలోనే వ్రాశాడు. ఆమె లేఖలను మాత్రం ముట్టుకోలేదు.

పారిస్‌లో షార్కో వద్ద కొన్ని నెలలు చదివి వచ్చి, 1886 ఏప్రిల్‌లో వైద్యవృత్తి ప్రారంభించాడు. సెప్టెంబరు 13న వాండ్స్‌బెక్ పురభవనంలో వివాహమైంది. మతకర్మ లేని పెళ్లి ఆస్ట్రియాలో చెల్లదు గనుక మరునాడు యూదు సంప్రదాయం ప్రకారం మరొకసారి జరిగింది. వరుడు హీబ్రూ మంత్రాలను మార్తా మామ వద్ద హడావుడిగా వల్లెవేయవలసి వచ్చింది.

కొత్త కాపురంలో మొదటి శుక్రవారం సాయంకాలం, విశ్రాంతిదినానికి స్వాగతంగా దీపాలు వెలిగించడానికి వీలులేదని భర్త శాసించాడు. తన జీవితంలో అంతగా మనసు నొచ్చిన సందర్భాలు అరుదని ఆమె తరువాత ఒక బంధువుతో చెప్పుకున్నది. యాభైమూడేళ్లు కాపురం చేసి, ఆరుగురు బిడ్డలను కన్నది. 1938లో నాజీల బారినుండి తప్పించుకొని భర్తతో లండను చేరింది. ఆ ఉత్తరాలను తగులబెడతానని ఒకటి రెండుసార్లు అన్నది గాని, ఆ పని చేయలేదు. ఇద్దరి లేఖలు పూర్తి పాఠంతో 2011 నుండి సంపుటాలుగా జర్మన్ భాషలో వెలువడ్డాయి. అంతవరకు లోకం ప్రధానంగా ఫ్రాయిడ్ పక్షమే విన్నది.

1939 సెప్టెంబరు 23న ఫ్రాయిడ్ మరణించాడు. మార్తా మరి పన్నెండేళ్లు జీవించి, 1951 నవంబరులో కన్నుమూసింది. ఆ పన్నెండేళ్లలో లండను యింట ఆమె శుక్రవారం సాయంకాలాల దీపాలు మరల వెలిగించసాగిందని ఆమె చరిత్ర వ్రాసినవారు చెబుతారు.