తాత్కాలిక కొలువు.. శాశ్వత పునాది

దరఖాస్తు తిరిగొచ్చిందా? దొరికిన కొలువు తాత్కాలికమేనని వెనకాడుతున్నారా? అయితే రోనాల్డ్ ఫిషర్ కథ మీకోసమే.

1890లో లండన్‌లో పుట్టారు. చూపు బాగా తక్కువ. రాత్రిళ్లు దీపం దగ్గర చదవకూడదు కాబట్టి లెక్కల్ని మనసులోనే చేయడం అలవాటు చేసుకున్నారు. 1912లో కేంబ్రిడ్జిలో డిగ్రీ పూర్తిచేశారు. యుద్ధకాలంలో సైన్యంలో చేరబోతే కళ్లు బాగాలేవని వద్దన్నారు. బడిలో పాఠాలు చెప్పుకుంటూనే ఓ చిక్కుముడి పట్టుకున్నారు.

మెండల్ బఠాణీ మొక్కలు పొడుగో, పొట్టో. మరి మీ క్లాసులో చూడండి.. అన్ని ఎత్తుల వాళ్లూ ఉంటారు. అందుకే మెండల్ సూత్రాలు ఇక్కడ పనికిరావని కొందరు గణాంక నిపుణులు వాదించేవారు. ఎన్నో జన్యువులు తలా కాస్త ప్రభావం చూపితే ఎత్తుల్లో సరిగ్గా ఇలాంటి తేడాలే వస్తాయని ఫిషర్ లెక్కకట్టారు. ఆ తేడాల కొలతకు ‘వేరియన్స్’ అని పేరుపెట్టి, దాన్ని కారణాలవారీగా వాటాలు వేశారు.

1916లో ఈ వ్యాసాన్ని లండన్ రాయల్ సొసైటీకి పంపితే పరిశీలకులు ఆసక్తి చూపలేదు. వెనక్కి తీసుకున్నారే గానీ వదిలేయలేదు. 1918లో ఎడిన్‌బరో రాయల్ సొసైటీ అచ్చువేసింది.

1919లో కార్ల్ పియర్సన్ ల్యాబ్‌లో అవకాశం వచ్చినా కాదనుకుని, రాథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో ఏళ్లుగా పేరుకున్న పంట లెక్కలు చూసే తాత్కాలిక పనిలో చేరారు. అక్కడే 1933 దాకా ఉన్నారు. ప్రయోగాల రూపకల్పనకు దారి చూపింది ఆ పనే. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన మన సి.ఆర్.రావు తర్వాత కేంబ్రిడ్జిలో ఈయన దగ్గరే పీహెచ్‌డీ చేశారు.

అన్నింట్లోనూ ఫిషర్ ఆదర్శం కాదు. మనుషుల్లో ‘మేలు జాతి’ని పెంచాలనే యూజెనిక్స్‌ను సమర్థించారు. పొగతాగడం వల్లే ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందనే ఆధారాలను తోసిపుచ్చారు. 1962లో అడిలైడ్‌లో కన్నుమూశారు.

పాల దిగుబడి, గింజ బరువు, రక్తపోటు వెనకున్న జన్యు మార్పుల్ని నేడు వెతికేది ఆ పునాది మీదే. డీఎన్‌ఏలో ఒకచోట ఒక అక్షరం ఉన్నవాళ్ల సగటుకూ, వేరే అక్షరం ఉన్నవాళ్ల సగటుకూ తేడా ఉందా అని చూస్తారు. లక్షల చోట్ల ఇలా పరీక్షిస్తే కొన్ని తేడాలు కాకతాళీయంగానే తగులుతాయి. కాబట్టి హద్దు చాలా కఠినంగా పెడతారు. అది దాటినా, అసలు కారణం పక్కనున్న మార్పే కావచ్చు!

మీరు బయాలజీ విద్యార్థులైతే స్టాటిస్టిక్స్ నేర్చుకోండి. స్టాటిస్టిక్స్ వాళ్లయితే జన్యుశాస్త్రం తిరగేయండి. ఫిషర్ నిలబడింది ఆ రెండూ కలిసేచోటే.