మ్యాప్ గీసిన సర్జన్

ఇంజనీరింగ్ వదిలేసి ఇంకేదైనా చదువుకుందామని సెమిస్టర్‌కి ఒకసారైనా అనుకోనివాళ్ళు మన క్యాంపస్‌లో తక్కువే. నిజంగా వదిలేసినవాళ్ళలో ఒకరు డెనిస్ బర్కిట్. చిన్నపిల్లలకి వచ్చే ఒక క్యాన్సర్‌కి ఆయన పేరే పెట్టారు: బర్కిట్ లింఫోమా.

ఆయన 1911లో ఐర్లండ్‌లోని ఎన్నిస్కిల్లెన్‌లో పుట్టారు. నాన్న జిల్లా సర్వేయర్. ఆయనకి పక్షుల పిచ్చి కూడా ఉండేది. రాబిన్ పిట్టల కాళ్ళకి రింగులు తొడిగి, ఏ పిట్ట ఏ తోటలో తిరుగుతుందో మ్యాప్ గీసేవారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. బర్కిట్‌కి పదకొండేళ్ళప్పుడు రాయి తగిలి కుడికన్ను పోయింది. 1929లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఇంజనీరింగ్‌లో చేరారు. తనని దేవుడు డాక్టర్ కమ్మంటున్నాడని నమ్మి మెడిసిన్‌కి మారిపోయారు. ఒంటికన్నుతో సర్జరీ ఏం చేస్తావని పశ్చిమ ఆఫ్రికా ఉద్యోగం ఇవ్వలేదు. యుద్ధంలో సైన్యంలో పనిచేశాక, 1946లో ఉగాండా వెళ్ళారు.

1957లో కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో ఓ సహోద్యోగి ఆయనకి ఐదేళ్ళ బాబుని చూపించాడు. పైదవడ, కిందిదవడ, రెండు పక్కలా వాపు. ఇన్ఫెక్షన్ అయితే ఒకేసారి నాలుగు చోట్లా రాదు కదా. కొన్ని వారాలకి జింజా ఆసుపత్రికి వెళ్ళినప్పుడు కిటికీలోంచి చూస్తే బయట ఒక పాప, అలాంటి మొహంతోనే. ఆ పాప పొట్టలో కూడా గడ్డ ఉంది. తిరిగొచ్చి పాత రికార్డులు తిరగేస్తే దవడలో, కిడ్నీలో, కాలేయంలో వేరువేరు జబ్బులుగా రాసి ఉన్న కణితులు ఒకే పిల్లల్లో కలిసి కనిపించాయి. అన్నీ ఒకే జబ్బు అన్నమాట. 1958లో పేపర్ వేశారు. అది లింఫోమా అని తర్వాత పాథాలజిస్టులు తేల్చారు.

అప్పుడు వచ్చిన ప్రశ్నే నాకు అన్నిటికన్నా ఇంట్రెస్టింగ్. యూరప్ డాక్టర్లు ఈ జబ్బుని దాదాపుగా చూడలేదు. మరైతే ఆఫ్రికా పిల్లల పుట్టుకలోనే, రక్తంలోనే ఏదో ఉందా?

బర్కిట్ నాన్నగారి పనే చేశారు. ఫొటోలున్న కరపత్రాలు ఆఫ్రికా అంతటా ఆసుపత్రులకి పోస్ట్ చేసి, జవాబు వచ్చిన ప్రతి కేసునీ మ్యాప్ మీద గుర్తుపెట్టారు. ఖండం మధ్యలో అడ్డంగా ఒక పట్టీ కనబడింది, తూర్పు తీరం వెంట కిందికి ఒక తోకతో. ఆ పట్టీ ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో చూద్దామని 1961లో ఇద్దరు డాక్టర్ మిత్రులతో పాత ఫోర్డ్ కారులో బయల్దేరారు. పది వారాలు, 10,000 మైళ్ళు. తూర్పు ఆఫ్రికాలో 1,500 మీటర్ల ఎత్తు దాటితే జబ్బు లేదు. బాగా చలి ఉన్నచోట లేదు, వాన పడనిచోట లేదు. అంటే మలేరియా దోమ బతికే చోటే ఇదీ ఉంది.

డేటాలో జాతి అనే కాలమ్ ఒక్కటే ఉంటే జవాబు కూడా జాతే అని వస్తుంది. ఆయన ఎత్తు, చలి, వాన అనే కాలమ్స్ కలిపారు. జబ్బు లేని రువాండా కొండల నుంచి ఉగాండా పల్లానికి వలస వచ్చినవాళ్ళకీ ఇది వచ్చింది, స్థానికుల కంటే పెద్ద వయసులో. ఆఫ్రికాకి సంబంధమే లేని పాపువా న్యూగినీలో కూడా, మలేరియా ఉన్న పల్లపు ప్రాంతాల పిల్లల్లో కనిపించింది.

1961లో ఆయన లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసం విన్న ఆంథొనీ ఎప్‌స్టైన్, ఆ కణితి ముక్కలు తెప్పించుకున్నారు. 1964లో ఆయన టీమ్ వాటిలో ఒక వైరస్‌ని చూసింది. అదే ఎప్‌స్టైన్-బార్ వైరస్. ఇది ప్రపంచంలో చాలామంది ఒంట్లో ఉండేదే. చిన్నప్పటి నుంచీ మాటిమాటికీ మలేరియా వచ్చే పిల్లల్లో మాత్రం ఈ క్యాన్సర్‌కి దారితీస్తుంది. కణంలో దెబ్బతినే జీన్ మిక్. అది ఆఫ్రికా రోగికైనా అమెరికా రోగికైనా అదే.

ఉగాండాలో అప్పటికి రేడియేషన్ మెషీన్ లేదు. అందుకని బర్కిట్ మందులు ప్రయత్నించారు. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు నడిపిన లెడర్లే ల్యాబ్‌లోంచి వచ్చిన మందది! కొద్ది డోసులకే దవడ వాపులు కరిగిపోయాయి, కొందరు పిల్లలకి జబ్బు మళ్ళీ రానేలేదు. మందులతోనే క్యాన్సర్ నయమవుతుందని గట్టిగా నమ్మేవాళ్ళు అప్పట్లో తక్కువ.

1966లో ఇంగ్లండ్ వెళ్ళిపోయాక ఆయన ఆహారంలో పీచు గురించి పట్టుకున్నారు. ఆఫ్రికాలో అరుదైన పేగు జబ్బులు అమెరికాలోని నల్లవాళ్ళకి తెల్లవాళ్ళలాగే వస్తున్నాయి కాబట్టి అది రక్తం విషయం కాదు, తిండి విషయం అన్నారు. అందులో కొన్ని వాదనలు నిలబడ్డాయి, కొన్నిటి మీద ఇంకా గొడవే. 1993లో చనిపోయారు.

ఇవాళ డబ్బున్న దేశాల్లో బర్కిట్ లింఫోమా వచ్చిన పిల్లల్లో 90 శాతం దాకా బతుకుతున్నారు. ఆఫ్రికాలో చాలాచోట్ల సగంమంది కూడా మిగలడం లేదు. వంశాన్ని బట్టి లింఫోమా ఎలా మారుతుందో జీన్లలో వెతికే పరిశోధనలు ఇప్పుడు జరుగుతున్నాయి, జరగాలి కూడా. ఇన్నాళ్ళూ ఆ డేటా ఎక్కువగా యూరప్ సంతతి వాళ్ళదే. కానీ అక్కడ చాలామంది పిల్లలు గడ్డ బాగా పెరిగాకే ఆసుపత్రికి చేరుతున్నారు. చేరినవాళ్ళలో కొందరు రెండో డోసుకో మూడో డోసుకో రావడం లేదు, బస్సు చార్జీలకి డబ్బుల్లేక.