బ్రౌను దొరవారి యుత్తరవయస్సు

చదువునకు వయస్సు మించినదని మన విద్యావంతులలో నలుబది దాటినవారు తఱచుగ ననుకొనుచుందురు. కచ్చేరినుండి యిల్లు చేరిన ప్లీడరు క్రొత్తగ్రంథమును చేతబట్టుటకు సిగ్గుపడును. తనకు తెలియనిదానిని చిన్నవాని నడుగుటకు మఱింత సిగ్గుపడును. ఇట్టివారు చార్లెస్ ఫిలిప్ బ్రౌనుగారి జీవితమును, అందును దాని యుత్తరార్ధమును, కొంచెము విచారింపవలెను.

ఈయన 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీని కలకత్తాలో జన్మించి, 1817లో చెన్నపట్టణము చేరి, 1820లో కడప కలెక్టరుకచ్చేరిలో ఉద్యోగియయ్యెను. మార్కాపురము, కంభము, గిద్దలూరు సీమ ఆనాడు కడప మండలములోనిదే. 1858లో అది కర్నూలు మండలమునను, 1970లో ఒంగోలు రాజధానిగా నేర్పడిన క్రొత్త మండలమునను చేరెను. కావున నల్లమల యంచున నుండు మనవారికి బ్రౌను దొర పరాయివాడు కాడు.

ఆయన పనియంతయు సాగినది పండితుల సాయముచేత. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య మొదలగువారిని స్వంత జీతముతో పోషించి, తాళపత్రములు తెప్పించి, పాఠములు సరిచూపించెను. ఇందులకై యప్పులపాలయ్యెను. అధికారపీఠముపై గూర్చున్నవాడు దినదినము పరభాషాపదముల యర్థము నొకరి నడిగి తెలిసికొనుట యెంత యణకువ గోరునో, అధికారమును రుచిచూచినవారికే తెలియును. యుద్ధరంగమున నొక్కసారి చూపు శౌర్యముకంటె నిట్టి నిత్యధైర్యమే దుర్లభమని నా యభిప్రాయము. పండితులు లక్ష్యపెట్టని వేమన పద్యములను 693 కూర్చి 1829లో ప్రకటించెను.

1834లో ఆయనకు కొలువు పోయెను. ముప్పదియాఱేండ్ల ప్రాయమున, అప్పులతో, వట్టిచేతులతో లండను చేరినవాడు తెలుగును మఱచి వేఱుదారి చూచుకొనినను తప్పుపట్టువారు లేరు. ఆయన యట్లు చేయలేదు. ఇండియా హవుసు పుస్తకశాలలో దుమ్ముపట్టియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను పరిశీలించి, వానిని చెన్నపట్టణమునకు చేర్పించుటకు పాటుపడెను. మరల 1838 ప్రాంతమున చెన్నపట్టణము వచ్చి, పారసీక భాషాంతరీకరణోద్యోగమున కుదురుకొనెను. తాను లోగడ ప్రకటించిన వేమన గ్రంథము చాలదని తోచగా, దానినే మరల పరిశోధించి, 1839లో 1164 పద్యములతో రెండవకూర్పు వెలువరించెను. ముద్రితమైన తన పనిని తానే చాలదనుట పేరుపొందినవారికి సులభము కాదు. నిఘంటువులు వెలువడునప్పటికి ఆయనకు ఏబదియేండ్లు గడచినవి.

1855లో ఉద్యోగము చాలించి స్వదేశము చేరెను. ఆయన యవివాహితుడు. పింఛను తీసికొని విశ్రాంతిగ గూర్చుండ దగిన దినములవి. ఐనను 1865లో, అఱువదియాఱేండ్లు దాటిన పిమ్మట, లండను యూనివర్సిటీ కాలేజీలో తెలుగు పండితపదవి స్వీకరించెను. తెలుగు మాటలాడువాడు వీథిలో కనబడని యా నగరమున నక్షరములనుండి ప్రారంభించి చెప్పవలసిన చదువది. శిష్యులెందఱు వత్తురనునది నమ్మదగిన విషయము కాదు. మఱుసటి వత్సరమే తన సాహిత్యజీవితచరిత్రమును గూడ అచ్చువేయించెను.

కుంఫిణీ కొలువుదారుగ ఆయనయందు దొరతనపు లోపములు లేకపోలేదు. మన ప్రౌఢకావ్యములపై ఆయన తీర్పులన్నియు నంగీకరింపదగినవియు కావు. 1884వ సంవత్సరము డిశంబరు 12వ తేదీని లండనులో కాలధర్మము నొందెను. కడపలో ఆయన నివసించిన బంగళా శిథిలమైపోగా, ఆ స్థలముననే ఆయన పేరిట భాషాపరిశోధన గ్రంథాలయము వెలసినది.