అధ్యాపకునిగా గిడుగు రామమూర్తి పంతులు

ఆధునికాంధ్ర భాషాచరిత్రలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పేరు వినగానే వ్యావహారిక భాషావాదం స్ఫురిస్తుంది. ఆ వాదానికి మూలం ఆయన ముప్పదేండ్ల అధ్యాపకత్వంలో ఉన్నది. విద్యార్థికి తెలిసినదానిని ఆధారం చేసికొని తెలియనిదానికి దారి చూపడమే బోధన అన్నది ఆయన ఆచరించిన సూత్రం.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపమైన పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు రెవిన్యూ ఉద్యోగి. ఆయన నాటి విశాఖపట్టణ మండలంలో, వడ్డాదికి చేరువనున్న చోడవరానికి బదిలీ అయి, 1875లో అక్కడనే విషజ్వరంతో గతించారు. పండ్రెండేండ్ల బాలునికి మేనమామగారి ఇల్లు ఆశ్రయమైనది. విజయనగరం మహారాజావారి ఆంగ్లపాఠశాలలో చదువు సాగినది. గురజాడ అప్పారావుగారు అక్కడ సహాధ్యాయి.

1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల వేతనంపై ఆయన అధ్యాపకులుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పరీక్షలలో ఉత్తీర్ణులయ్యారు. ముఖలింగాలయ శాసనాలను చదువుటకు లిపిశాస్త్రాన్ని సైతం స్వయంగా అభ్యసించారు. తోడు లేక చదువుకొనేవాని కష్టం ఆ విధంగా ఆయనకు స్వానుభవమైనది. ఆ పాఠశాల కళాశాలగా ఎదిగినప్పుడు పై తరగతులకు బోధించే అవకాశం లభించినది.

పర్లాకిమిడి పరిసరారణ్యాలలోని సవరలకు విద్య అందవలెనన్న తలంపు ఆయనకు ఆ రోజులలోనే కలిగినది. వారికి తెలుగు నేర్పి, పిమ్మట చదువు చెప్పడం సులభమార్గం. ఆయన దానికి విపరీతమైన మార్గం పట్టారు. తెలుగు, సవర రెండును ఎరిగిన వ్యక్తిని ఇంట నిలుపుకొని, ముందుగా తామే సవరభాషకు విద్యార్థి అయ్యారు. ఆ భాషలో వాచకాలు రచించి, సొంత ధనంతో బడులు నెలకొల్పి, ఉపాధ్యాయులకు వేతనాలు చెల్లించారు. మన్యంలో సోకిన చలిజ్వరానికి వాడిన క్వినైను వలన ఆయన వినికిడి దెబ్బతిన్నది. అయినను కృషి ఆగలేదు. మద్రాసు ప్రభుత్వం ఆయనకు 1913లో రావుబహద్దరు బిరుదమిచ్చి, సవరభాషా వ్యాకరణాన్ని 1931లోను, సవర–ఆంగ్ల నిఘంటువును 1938లోను ప్రకటించినది.

సవరబాలుని విషయంలో గ్రహించిన సత్యమే తెలుగు విద్యార్థికిని వర్తిస్తుందని ఆయనకు క్రమంగా స్పష్టమైనది. 1907 ప్రాంతంలో ఉత్తర మండలాల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్సు, పుస్తకాల తెలుగుకును జనవ్యవహారంలోని తెలుగుకును అంతరం ఎందుకని ప్రశ్నించారు. విశాఖపట్టణంలోని ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను గురజాడ, గిడుగు వారలకు చూపారు. విద్యార్థి ఎన్నడును పలుకని భాషలో వ్యాసం వ్రాయవలసి వచ్చినప్పుడు, అతని శ్రద్ధ అంతయు రూపాల మీదనే నిలిచి భావం అడుగంటుతుందని రామమూర్తిగారి నిర్ణయం.

కళాశాల విద్యార్థుల తెలుగు వ్యాసరచన ఏ భాషలో ఉండవలెనన్న వివాదం మద్రాసు విశ్వవిద్యాలయానికి ఎక్కినది. 1914లో గురజాడవారు తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. అధికసంఖ్యాకుల అభిప్రాయం గ్రాంథికానికే అనుకూలించినది. విద్యార్థి ఉత్తీర్ణత ఈ నిర్ణయంపై ఆధారపడినందున ఇది కేవలం పండితుల వాదులాట కాదు.

ప్రతిపక్షం వహించిన జయంతి రామయ్య పంతులుగారు మొదలైన వారి భయం నిరాధారమని చెప్పరాదు. వాడుకకు అనుమతి ఇచ్చినచో ప్రాచీన కావ్యాలతో విద్యార్థికి సంబంధం తెగిపోతుందని వారి శంక. రామమూర్తిగారు పఠనాన్ని, రచనను వేరుచేసి దీనికి సమాధానం చెప్పారు. కావ్యాలను చదివి అర్థం చేసికొనుటకు ప్రాచీనభాషాజ్ఞానం అవసరమే. స్వీయభావప్రకటనకు మాత్రం శిష్టవ్యవహారమే సాధనం. పండితుల గ్రాంథికంలోనే వారి వ్యాకరణానికి విరుద్ధమైన ప్రయోగాలు ఉన్నవని ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’లో నిరూపించారు. అధ్యాపకుడే నిలుపుకోలేని నియమాన్ని విద్యార్థిపై విధించి, తప్పినప్పుడు మార్కులు కోయడం న్యాయమా అన్నది ఆ గ్రంథం మన ముందు నిలిపే ప్రశ్న. ప్రాచీన గద్యోదాహరణలతో ‘గద్యచింతామణి’ని కూర్చిన వానిని సంప్రదాయవిముఖుడనుట చెల్లదు.

1911లో ఉద్యోగం విరమించిన పిదప ఆయన కాలమంతయు ఈ కృషికే వినియోగమైనది. 1919లో ‘తెలుగు’ పత్రికను నడిపారు. ఆ ఏడే రాజమహేంద్రవరంలో ఏర్పడిన వ్యావహారిక భాషాసమాజానికి కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షత వహించారు. 1936లో పర్లాకిమిడి ఒడిస్సా రాష్ట్రంలో చేరగా, రామమూర్తిగారు స్వగృహం విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదంతో గౌరవించినది. 1940 జనవరి 22న ఆయన దివంగతులయ్యారు.

ఆయన జన్మదినం నేడు తెలుగు భాషాదినోత్సవం. ఆయన కోరిన మార్పు పరీక్షాపత్రాలలో ఏనాడో నెరవేరినది. గ్రామాలనుండి, గిరిజన ప్రాంతాలనుండి ప్రాచ్యకళాశాలలలో చేరే విద్యార్థి తన పలుకుబడితోనే వస్తాడు. అది తప్పని మందలించి పాఠం మొదలిడుటయా, దానినే సోపానంగా చేసికొని శబ్దమంజరికి, కావ్యానికి చేర్చుటయా అన్నది ప్రతి అధ్యాపకుని ఎదుట నిలిచే ఎంపిక. సవరబడిలో రామమూర్తిగారు ఎన్నుకొన్న మార్గం రెండవది.