డాక్టరు కుగ్లరు దొరసానిగారు

దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్.బి. నగరునకు పోవు రాజమార్గమున మన విద్యార్థులు ప్రతిదినమును ఎన్నియో వైద్యశాలలను చూచుచున్నారు. భవనములున్నవి, యంత్రములున్నవి, అయినను రాత్రివేళ రోగి ప్రక్కన నిలువదగిన నర్సు దొరకలేదనియు, పని నేర్చిన కాంపౌండరు నిలుకడగా నుండలేదనియు వైద్యులు చింతించుట మనము వినుచునే యున్నాము. ఈ చిక్కు క్రొత్తది కాదు. ఈ మార్గమే తూర్పుగా సాగి కృష్ణాతీరమునకు చేరును. ఆ ప్రాంతమందలి గుంటూరులో, ఇప్పటికి నూటనలువదేండ్లకు పూర్వమే, ఇంతకంటె ఘోరమైన కొరతను ఎదుర్కొనిన యొక వైద్యురాలి చరిత్రము మనము తెలిసికొనదగియున్నది.

అన్నా సారా కుగ్లరుగారు అమెరికా దేశమున పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి ఆర్డ్‌మోరు అను ఊరిలో 1856వ సంవత్సరము ఏప్రిలు 19వ తేదీని జన్మించిరి. స్త్రీలు వైద్యము నేర్చుట వింతగా నెంచబడు ఆ దినములలో వారు ఫిలడెల్ఫియాయందలి స్త్రీల వైద్య కళాశాలలో చదివి 1879లో పట్టమును పొందిరి. పిదప నారిస్టౌను నగరమున మతిచలించిన స్త్రీలకు చికిత్స చేయు ఆసుపత్రిలో పనిచేసిరి. ఆ కాలముననే, గుంటూరులో నుండిన రో దొరగారు వ్రాసిన జాబువలన, తెలుగుదేశపు స్త్రీలకు వైద్యురాలు మిక్కిలి అవసరమని వారికి తెలియవచ్చెను.

ఆ అవసరము ఎట్టిదో ఆలోచింపుడు. ఘోషాలో నుండు కుటుంబముల స్త్రీలు పురుషవైద్యుని యెదుటికి రారు. ప్రసవము అడ్డుతిరిగినను, జ్వరము ముదిరినను, పల్లెమంత్రసాని చేయగలిగినంతయే చికిత్స. వైద్యుడు అదే ఊరిలో నున్నను ఆ తల్లికి లేనట్లే యగును. మద్రాసు వైద్య కళాశాలలో స్త్రీలకు ప్రవేశము 1875లో కలిగినను, చదువుకొని బయటికి వచ్చినవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినవారే.

కుగ్లరుగారు తమ సంఘమువారికి దరఖాస్తు పంపుకొనగా, వైద్యపనిని మొదలుపెట్టుటకు తాము ఇంకను సిద్ధముగా లేమని వారు చెప్పి, జనానా స్త్రీలకు చదువు చెప్పు పనికి మాత్రమే వారిని నియమించిరి. ఇట్టి సమాధానమునకు మరియొకరైనచో వెనుకకు తగ్గియుందురు. వారు మాత్రము ఉపాధ్యాయినిగానే బయలుదేరి, మందులును వెంట గొని, 1883వ సంవత్సరము నవంబరు 29వ తేదీని గుంటూరు చేరిరి.

పగలు పాఠశాలల పని, దానితోడనే రోగుల పని. మొదటి యేడు ముగియునప్పటికి ఇండ్లకు పోయి 185 మందిని, తమ నివాసముననే 276 మందిని చూచిరి. ఆసుపత్రి లేదు; చేతిక్రింద శిక్షణ పొందిన నర్సు లేదు. రెండేండ్లు ఇట్లు గడచిన పిమ్మట 1885 డిసెంబరులో సంఘమువారు వారిని వైద్యమిషనరీగా అంగీకరించిరి. అవసరమును మాటలతో వాదించి నిరూపించుటకంటె, చేసిన పనియే దానిని నిరూపించినది.

1889లో సెలవుపై స్వదేశమునకు వెళ్ళి, 1891లో తిరిగి వచ్చిరి. 18 ఎకరముల స్థలము సంపాదింపబడెను. 1893లో మందులశాల వెలసెను. 1898వ సంవత్సరము జూను 23వ తేదీని ఆసుపత్రి తెరువబడెను. క్యాథరిను ఫాస్ అను నర్సుగారును, మేరీ బేయరు అను వైద్యురాలును అమెరికానుండి వచ్చి వారికి తోడైరి.

అయినను పరదేశమునుండి వచ్చువారితోనే కొరత తీరునా? వచ్చినవారు మొదట తెలుగు నేర్వవలెను, ఎండలకు తాళవలెను, కొన్నియేండ్లకు సెలవుపై పోవలెను. ఒక్క వైద్యురాలిపై ఆధారపడిన ఆసుపత్రి ఆమె జబ్బుపడిననాడు ఆగిపోవును. కావున ఈ దేశపు స్త్రీలకే నర్సుపని నేర్పవలసివచ్చెను. ఇది సులభము కాదు. రక్తమును, పురుడును తాకు పని హీనమైనదని లోకులు తలంచుచుండిరి. ఆడపిల్లను రాత్రివేళ పనికి పంపుటకు తల్లిదండ్రులు వెనుకాడుచుండిరి. అయినను నేర్చిన స్త్రీ తన ఊరి మాటలోనే రోగిని ఓదార్చును. దొరసాని పోయినను తాను నిలుచును. నాడు గుంటూరులో నాటబడిన ఆ విద్య నేడును అచ్చట నర్సుల శిక్షణగా సాగుచున్నది.

వారి సేవను మెచ్చినవారిలో ఏలూరు రాజాగారు భుజంగరావు బహద్దరువారొకరు. రోగుల బంధువులు తమ ఆచారము చొప్పున వండుకొని బసచేయుటకు వారు సత్రమును కట్టించిరి. ఇదియు పనివారి కొరతను తీర్చు సాయమే. బంధువులు దగ్గరనుండి కనిపెట్టినప్పుడు నర్సుల భారము కొంత తగ్గును గదా.

ప్రభుత్వమువారు కుగ్లరుగారికి 1905లో కైసరె హింద్ పతకము నొసగిరి. 1930వ సంవత్సరము జూలై 26వ తేదీని వారు గుంటూరులోనే కన్నుమూసిరి. ఆసుపత్రి వారి పేరనే కుగ్లరు ఆసుపత్రియని ప్రసిద్ధి చెందినది. వారి బాటయే ఇతరులకును తోచినది: ఎడిత్ బ్రౌనుగారు 1894లో లూధియానాలోను, ఐడా స్కడ్డరుగారు 1918లో వేలూరులోను స్త్రీలకు వైద్యవిద్యాలయములను స్థాపించిరి.

విద్యార్థులారా, కుగ్లరుగారు పనివారు దొరకువరకు పనిని ఆపలేదు. పని చేయుచునే పనివారిని తయారుచేసిరి. తల్లిదండ్రులారా, మీ కుమార్తె నర్సుపని నేర్చెదనన్నచో చిన్నతనముగా నెంచకుడు. మన మార్గమున నున్న వైద్యశాలలలో దీపములు రాత్రియెల్ల వెలుగుచునే యుండును. ఆ వెలుతురున రోగి చేయి పట్టుకొనువారు మన యిండ్లనుండియే రావలెను.