కెప్టెన్ మతీన్ అహమ్మదు అన్సారీ

చెరనుండి తప్పించుకొని వచ్చిన సైనికునకు పతకమిచ్చుట లోకమున వాడుకయే. 1942లో సింగపూరు పతనమైనపుడు జపానువారికి చిక్కిన కెప్టెన్ ప్రీతంసింగు కావలివారి కన్నుగప్పి స్వదేశము చేరి మిలిటరీ క్రాసు పొందెను. పిదప 1947-48లో పూంఛి పట్టణమును కాపాడినది ఆతడే. తాను చెరలోనే యుండి, పరులు తప్పించుకొనుటకు దారి వెదకి తల గోల్పోయిన వాని పతకము కథ వేరు. ఆ వీరుడు హైదరాబాదువాడేయని నేడు అమీరుపేట, పంజగుట్ట బాటల నడచువారిలో నెందరెరుగుదురో!

అన్సారీ నిజాము ప్రభువునకు బంధువు; 7వ రాజపుత్ర రెజిమెంటు 5వ పటాలమున కెప్టెన్. 1941 డిసెంబరు 8న జపాను హాంకాంగుపై బడెను. 25న ఆ నగరము లొంగిపోయెను. బందీయైన అన్సారీని శత్రువులు మొదట మర్యాదగనే చూచిరి. గొప్ప సంస్థానాధీశుని చుట్టమని తెలిసినంతనే వారికాశ పుట్టెను. బ్రిటిషు రాజునకు చేసిన ప్రమాణమును విడువుమనియు, తోడి భారతీయ బందీలను తమవైపు త్రిప్పుమనియు నిర్బంధించిరి. ఆతడు కాదనెను. 1942 మే నెలలో స్టాన్లీ చెరసాలలో ద్రోసి, పస్తులుంచి, హింసించిరి. శిబిరమునకు గొనివచ్చి మరల నడిగిరి, మరల కాదనెను. ఈసారి స్టాన్లీలో నైదు మాసములు ఆకలియు, చిత్రహింసయు.

అంతట నూరకుండినను ఆతని నెవ్వరును తప్పుపట్టియుండరు. శిబిరము చేరిన అన్సారీ ఇతర బందీల పలాయనమునకు ఏర్పాట్లు చేయసాగెను. తుదకు ముప్పదిమందికి పైబడిన ఆంగ్లేయ, చైనా, భారతీయ బందీలతోపాటు మరణదండనకు గురియై, 1943 అక్టోబరులో శిరశ్ఛేదము నొందెను.

ఆ సంవత్సరముననే మరియొక హైదరాబాదీయుడు ఆబిద్ హసన్, సుభాసుబాబునకు ఏకైక భారతీయ సహచరుడై జలాంతర్గామిలో జర్మనీనుండి తూర్పునకు ప్రయాణించెను. ఆజాదు హిందు ఫౌజు సేనానులను ఎఱ్ఱకోటలో విచారించిన కొలది నెలలకే, 1946 ఏప్రిలు 18న, దొరతనమువారు అన్సారీకి మరణానంతరము జార్జి క్రాసు ప్రకటించిరి. రణరంగమున శత్రువు నెదుట చూపిన శౌర్యమునకు విక్టోరియా క్రాసు. తక్కిన తావుల ధైర్యమునకు 1940లో నెలకొల్పిన యీ వెండి సిలువ. ఫౌజు వీరులకై ఊరేగింపులు జరిగిన ఆ దినములలో ఇట్టి పతకము మనవారికి రుచింపకపోవుట సహజమే.

అయినను మాకు తోచునది చెప్పెదము. స్వేచ్ఛగా నేతాజీ వెంట నడచినవారు మాకు పూజ్యులు. కడుపు మాడ్చి, కొట్టి రాబట్టు సమ్మతిని దేశభక్తియని మేమనజాలము. దానిని నిరాకరించినవాడు దేశద్రోహియెట్లగును? పతకముపై రాజు పేరున్న నుండుగాక! ఆతడు తుదిని ప్రాణమొడ్డినది తోడి ఖైదీల విడుదలకై.

హాంకాంగులోని స్టాన్లీ సైనిక ఖననవాటికలో ఆతని సమాధి యున్నది.